తలుపు సందులో పసుపు చీటీ

మా తోడల్లుడి కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఓ శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "పెదనాన్నా, మా ఎఫ్-150 పదకొండు వేల పౌండ్ల పైనే లాగుతుందని కంపెనీ పుస్తకంలో రాశారు. నేను చూసిన క్యాంపింగ్ ట్రైలర్ నిండా సర్దినా 8,000 దాటదు. ఇంకా మూడు వేలు మిగులే కదా, అడ్వాన్స్ ఇచ్చేయనా?"

"ఆగు. ముందు డ్రైవర్ తలుపు తెరిచి, ఆ సందులో అంటించిన చీటీకి ఫోటో తీసి పంపు" అన్నాను.

లాగే బండికీ తలుపు సందుకూ ఏం సంబంధమని వాడి అనుమానం. పికప్ కొనే చాలామందిది అదే అనుమానం. ఇంజిన్ ఎంత, హార్స్‌పవర్ ఎంత, ఎన్ని వేల పౌండ్లు లాగుతుంది అని అడుగుతారు. వెనక చక్రాల మీద ఎంత మోస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. లైట్ డ్యూటీ పికప్‌కీ హెవీ డ్యూటీ పికప్‌కీ అసలు తేడా తేలేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

ముందు మాటల సంగతి చూద్దాం. మా కృష్ణా జిల్లాలో ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టిని ట్రక్కు అంటాం. అమెరికాలో లాగే బండి ట్రక్కు, వెనక తగిలించేది ట్రైలర్. వచ్చిన కొత్తలో ఎవరో "ట్రక్కు ఎక్కు" అంటే నేను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఇక్కడి జనం ఈ బండ్లను టన్నుల లెక్కన పిలుస్తారు. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500, టయోటా టండ్రా వంటివి అర టన్ను బండ్లు. ఇవి లైట్ డ్యూటీ. పేరులో 250 లేదా 2500 ఉంటే ముప్పావు టన్ను, 350 లేదా 3500 ఉంటే టన్ను. ఈ రెండూ హెవీ డ్యూటీ. అమెరికా టన్ను 2,000 పౌండ్లు కాబట్టి, ఒకప్పుడు అర టన్ను బండి వెయ్యి పౌండ్లు మోసేదన్నమాట. ఇప్పటి అర టన్ను బండ్లు మామూలుగా 1,500 నుంచి 2,000 పౌండ్ల దాకా మోస్తాయి. బండి పెరిగింది గానీ పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఎఫ్-150 పుట్టుకే ఒక బరువు లెక్క. అంతకుముందు ఫోర్డ్‌కు ఎఫ్-100, ఎఫ్-250 ఉండేవి. 1970ల నడుమ గరిష్ఠ బరువు 6,000 పౌండ్ల లోపు ఉన్న బండ్లకు పొగ నియమాలు బిగిశాయి. ఆ గీత దాటేలా, రెండింటి మధ్యన, 1975 మోడల్‌గా ఎఫ్-150ని దించారు. చట్టాన్ని తప్పించుకోవడానికి పుట్టిన బండి అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే పికప్ అయింది.

అలాంటి గీతే ఇంకొకటి నేటికీ ఉంది. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంతకు మించకూడదని కంపెనీ నిర్ణయించే గరిష్ఠ బరువు 8,500 పౌండ్ల లోపు ఉంటే లైట్ డ్యూటీ, దాటితే హెవీ డ్యూటీ. షోరూమ్‌లో ఎఫ్-250 అద్దానికి అంటించిన కాగితంలో మైలేజీ అంకె కనబడకపోవడానికి కారణం ఇదే. ఆ బరువు దాటిన పికప్‌లకు మైలేజీ ప్రకటించాలన్న నియమం లేదు. ఉండి ఉంటే అమ్మేవాళ్ళకు కాస్త ఇబ్బందిగానే ఉండేది.

ఇక మావాడు పంపిన ఫోటో. తెలుపు మీద పసుపు పట్టీ ఉన్న ఆ చిన్న చీటీలో, మనుషులూ సామానూ కలిపి 735 కిలోలు, అంటే 1,620 పౌండ్లు ఎన్నడూ మించరాదని ఉంది. దీన్నే పేలోడ్ అంటారు. కంపెనీ పుస్తకంలోని అంకె ఆ మోడల్ బండ్లన్నిటికీ కలిపి చెప్పిన గొప్ప. చీటీలోని అంకె ఆ ఒక్క బండిది. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, తోలు సీట్లు అంటూ ఎంత సోకు చేస్తే ఈ అంకె అంత తగ్గుతుంది.

ట్రైలర్‌కు సొంత చక్రాలున్నాయి కదా, దాని బరువు బండి మీద ఎందుకు పడుతుంది? ఎడ్లబండి తోలిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ ప్రశ్న రాదు. వరి కట్టలు పేర్చేటప్పుడు పెద్దవాళ్ళు ఓ పక్కన నిలబడి, బండి ముందుకు మొగ్గిందా వెనక్కి మొగ్గిందా అని చూస్తూనే ఉండేవారు. వెనక్కి మొగ్గితే నొగ పైకి లేచి ఎడ్ల మెడలకు తాళ్ళు బిగుసుకుంటాయి. మరీ ముందుకు మొగ్గితే కాడి బరువుకు మెడలు పుండ్లు పడతాయి. నొగ మీద కొద్దిగా బరువు ఉండాలి, అది ఎద్దులు ఓర్చుకునేంత ఉండాలి.

ట్రైలర్‌దీ అదే లెక్క. దాని ముందు కొస బండి వెనకున్న కొక్కెం, అంటే హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. మామూలు ట్రైలర్‌కు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. తక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అది ఒకసారి ఊగడం మొదలైతే, దూడ తాడు పట్టి ఆవును ఈడ్చినట్టు, ముందున్న బండిని అటూ ఇటూ లాగేస్తుంది. ఎక్కువైతే బండి వెనక కుంగి ముందు తేలిపోతుంది. చెరకు ట్రక్కు తగిలించిన ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేవడం మనవాళ్ళు చూసినదే. పికప్‌లో అంత దూరం రాకపోయినా, స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొడతాయి.

మావాడి చేత కాగితం మీద లెక్క వేయించాను. నిండా సర్దిన 8,000 పౌండ్ల ట్రైలర్‌కు పన్నెండున్నర శాతం చొప్పున టంగ్ వెయిట్ 1,000. హిచ్ సామగ్రి 90. చీటీలో ఉన్న 1,620లో మిగిలింది 530. ఇప్పుడు మనుషులు. వాడు 175, మా కోడలు 135, పిల్ల 55. ఆరు నెలలకని గుడివాడ నుంచి వచ్చిన వాళ్ళ నాన్న 165, అమ్మ 140. మొత్తం 670. అంటే బండిలో అందరూ కూర్చునేసరికే 140 పౌండ్లు దాటేశారు. జనరేటరు, ఐస్ పెట్టె, బియ్యం బస్తా ఇంకా ఇంట్లోనే ఉన్నాయి.

"మరి పదకొండు వేలు లాగుతుందని రాశారు కదా?" అన్నాడు. అబద్ధమేమీ రాయలేదు. ఆ అంకెలకు ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం బండిలో ఉండేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంతే. అమ్మానాన్నలు, ఆవకాయ జాడీలు ఆ ప్రమాణంలో లేవు.

అయితే ఆ ప్రమాణాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అది రాకముందు ఏ కంపెనీకి ఆ కంపెనీ తోచిన అంకె రాసుకునేది, పోటీలో ఏటేటా పెంచుకుంటూ పోయేది. 2011 మోడల్ టండ్రాతో టయోటా ముందుగా దీన్ని ఒప్పుకుంది. మిగతా పెద్ద కంపెనీలు కొన్నేళ్ళు తటపటాయించి తర్వాత దారికొచ్చాయి. పరీక్షలన్నిటిలో గట్టిది అరిజోనాలో జరిగేది. కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ దగ్గర బుల్‌హెడ్ సిటీ ఉంది. అక్కడి నుంచి కొండల్లోకి 11.4 మైళ్ళ ఎక్కుడు. సుమారు 3,000 అడుగులు పైకి. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, ఏసీ పూర్తిగా వేసి ఉండాలి, ట్రైలర్ నిండు బరువుతో ఉండాలి. అయినా వేగం గంటకు 40 మైళ్ళ కిందికి పడకూడదు. వెనక నాలుగు చక్రాలుండే బండ్లకు మాత్రం 35. ఇంజిన్ వేడెక్కి చేతులెత్తేయకూడదు. దీన్ని దాటిన బండి లాగగలదన్నది నిజమే. ఎవరిని ఎక్కించుకుని, ఏం మోసుకుంటూ లాగుతుందన్నది మాత్రం తలుపు సందులో ఉంటుంది.

హెవీ డ్యూటీ బండిలో ఎక్కువగా ఏముందో చూద్దాం. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కిందికి వంగి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఛాసిస్ మందం, స్ప్రింగుల గట్టిదనం, ఆరు బోల్టుల బదులు ఎనిమిది బోల్టుల చక్రాలు, 80 పీఎస్‌ఐ దాకా గాలి పట్టే లోడ్ రేంజ్ 'ఈ' టైర్లు, పెద్ద బ్రేకు డిస్కులు, పెద్ద రేడియేటర్. ఇవన్నీ ఊహించగలిగినవే. నాకు వీటన్నిటికన్నా నచ్చేది వెనక ఇరుసు.

అర టన్ను బండిలో వెనక ఇరుసు కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఇంజిన్ బలంతో చక్రాన్ని తిప్పుతుంది, ఆ తిరుగుతూనే బండి బరువునూ మోస్తుంది. బిందె నెత్తిన పెట్టుకుని తిరగలి తిప్పినట్టు. హెవీ డ్యూటీ బండిలో ఈ రెండు పనులనూ విడదీశారు. బరువును బయటి గొట్టమూ, దాని కొసన ఉండే హబ్, రెండు బేరింగులూ మోస్తాయి. లోపలి కడ్డీ తిప్పడం వరకే చూసుకుంటుంది. కడ్డీని పూర్తిగా బయటికి లాగేసినా బండి తన చక్రాల మీద నిలబడే ఉంటుంది. దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ అంటారు. మన ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, చక్రమే ఇరుసు చుట్టూ తిరుగుతుంది, బరువంతా కదలని ఇరుసు మీదే. డెట్రాయిట్ ఇంజినీర్లు మన వడ్రంగుల్ని అడిగి చేశారని నేను అనను. బరువు మోసేదాన్ని తిప్పుళ్ళ నుంచి తప్పించాలన్న ఆలోచన మాత్రం ఒకటే.

రెండోది డీజిల్. 1989 మోడల్‌లో డాడ్జ్ తన పికప్‌లో కమిన్స్ ఇంజిన్ పెట్టినప్పటి నుంచి హెవీ డ్యూటీ అంటే డీజిల్ అనే పేరు స్థిరపడింది. తర్వాత ఫోర్డ్ పవర్ స్ట్రోక్, 2001లో జనరల్ మోటార్స్ డ్యూరామాక్స్ వచ్చాయి. 2023 ఫోర్డ్ సూపర్ డ్యూటీలో బలమైన డీజిల్ 1,200 పౌండ్-ఫుట్ల టార్క్ ఇస్తుంది. ఎఫ్-150లోని 3.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇచ్చేది 500. తక్కువ చక్కర్లలోనే అంత తిప్పుడు బలం ఉంటే, ఎక్కుడులో ఇంజిన్ కేకలు పెట్టకుండా నడుస్తుంది.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. కొలరాడోలో ఐ-70 మీద ఐసన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. అక్కడికి చేరేసరికి మూడో వంతు హరీ. అవతల దిగేటప్పుడు బలం ఉన్నా లేకపోయినా ఒకటే. అప్పుడు కావలసింది ఆపే శక్తి. బ్రేకు మీద కాలు అలాగే నొక్కిపెట్టి మైళ్ళ కొద్దీ దిగితే డిస్కులు కాలి, కాసేపటికి పట్టు వదులుతాయి. హెవీ డ్యూటీ డీజిళ్ళలో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. పొగ బయటికి వెళ్ళే దారిని టర్బో రెక్కలతో బిగిస్తారు. ఇంజిన్ ఊపిరి వదలలేక బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. మీట నొక్కితే చాలు, కొండ దిగేటంతసేపూ బ్రేకు మీద అప్పుడప్పుడు కాలు ఆనిస్తే సరిపోతుంది. ఒకసారి ఈ సుఖం తెలిసినవాళ్ళు మళ్ళీ అర టన్ను బండితో పెద్ద ట్రైలర్ లాగరు.

బండి సొంత బరువు కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. అర టన్ను బండి సుమారు 5,000 పౌండ్లు, హెవీ డ్యూటీ డీజిల్ ఏడెనిమిది వేలు. వెనక ఎనిమిది వేల ట్రైలర్‌ను పక్కగాలి తోసినప్పుడు, పక్క నుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు, ముందున్నది ఎంత బరువుంటే అంత నిలకడ.

ఇంతవరకూ చదివి, డబ్బు పోతే పోయింది, ఎఫ్-250 డీజిల్ కొనేస్తే పీడా పోతుంది అనుకుంటారేమో. చాలామంది పడే గోతి అదే. ఎఫ్-250, రామ్ 2500 బండ్లలో చాలావాటి గరిష్ఠ బరువును 10,000 పౌండ్ల దగ్గరే ఆపి రాస్తారు. ఆ అంకె దాటితే రిజిస్ట్రేషన్‌కూ వ్యాపార నియమాలకూ బండి పై తరగతిలోకి పోతుంది. డీజిల్ ఇంజినేమో పెట్రోల్ దానికన్నా కొన్ని వందల పౌండ్లు బరువు. పైగా నాలుగు తలుపులు, నాలుగు చక్రాల డ్రైవ్, తోలు సీట్లు. అన్నీ తీసేస్తే చీటీలో మిగిలే పేలోడ్ తరచుగా 2,000 నుంచి 2,500 మధ్య ఉంటుంది. బాగా ఎంచి కొన్న అర టన్ను బండికి దగ్గరదగ్గర అంతే వస్తుంది. అదే ఎఫ్-250ని పెట్రోల్ ఇంజిన్‌తో కొంటే 3,000 దరిదాపుల్లో దొరకొచ్చు. పేరులో హెవీ ఉందనో, సైలెన్సర్ గురకను బట్టో బండిని అంచనా వేయకూడదు. అక్కడ కూడా తలుపు తెరవాల్సిందే.

ఫిఫ్త్ వీల్ ట్రైలర్ల దగ్గర ఈ లెక్క ఇంకా బిగుస్తుంది. వీటి కొక్కెం బండి వెనక కాదు, బెడ్ మధ్యలో, వెనక ఇరుసు పైన లేదా దానికి కాస్త ముందుగా కూర్చుంటుంది. అందుకే నిలకడ ఎక్కువ, తోక ఊపడం దాదాపు ఉండదు. కానీ మొత్తంలో 15 నుంచి 25 శాతం బండి మీదే పడుతుంది. 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ అయితే సుమారు 2,400 పౌండ్లు ఆ ఒక్క పిన్ మీద. ఇది అర టన్ను బండి పని కాదు, చాలా ఎఫ్-250 డీజిళ్ళ పనీ కాదు. 350 లేదా 3500 కావాలి. ఇంకా పెద్దవైతే వెనక నాలుగు చక్రాలుండే డ్యూలీ కావాలి. పశువుల ట్రైలర్లు, గడ్డి మోపులు, జేసీబీలు లాగే రైతులూ కాంట్రాక్టర్లూ కొనేవి ఇవే. 2023 ఎఫ్-450, బెడ్‌లోనే తగిలించే గూస్‌నెక్ పద్ధతిలో 40,000 పౌండ్ల దాకా లాగుతుందని ఫోర్డ్ చెప్పుకుంది. అంటే 18 మెట్రిక్ టన్నులు. అంత లాగాలంటే బండితో పాటు లైసెన్సూ మారాలి. టెక్సస్‌లో, ట్రైలర్ 10,000 దాటి, రెండింటి గరిష్ఠ బరువు కలిపి 26,000 పౌండ్లు దాటితే సొంత పనికైనా క్లాస్ ఏ లైసెన్స్ తీసుకోవాలి.

పెద్ద బండి ఉచితంగా మోయదు. డీజిల్ ఇంజిన్ ఎంచుకుంటేనే ధరకు పదివేల డాలర్ల దాకా కలుస్తుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ 10 క్వార్టులకు తక్కువ పట్టదు. పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం వేరే పోస్తుండాలి. పొడుగు బెడ్ ఉన్న నాలుగు తలుపుల ఎఫ్-250 పొడవు 22 అడుగులు దాటుతుంది, మన కాలనీల గ్యారేజీల్లో తలుపు మూసుకోదు. డ్యూలీ వెడల్పు 8 అడుగులు. ఇండియన్ స్టోర్ ముందు ఆదివారం సాయంత్రం దాన్ని ఆపడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఖాళీగా నడిపితే ఆ గట్టి స్ప్రింగులు ప్రతి గతుకునూ నడుముకు చెప్పి వెళతాయి. ఏడాదిలో నాలుగు సార్లు క్యాంపింగ్‌కు వెళ్ళి, మిగతా రోజులు ఆఫీసుకు తిరిగే ఇంటికి హెవీ డ్యూటీ బండి కొనడం, పండక్కి వచ్చే చుట్టాల కోసం కల్యాణ మండపం కొనుక్కున్నట్టుంటుందని నా అభిప్రాయం.

మధ్యేమార్గంగా స్ప్రింగులకు గాలి సంచులు తగిలించుకోమని, బరువును ముందుకు పంచే హిచ్ కొనుక్కోమని దుకాణంలో చెబుతారు. రెండోది మంచిదే, పెద్ద ట్రైలర్‌కు ఉండి తీరాలి. కుంగిన వెనక భాగాన్ని లేపి, ముందు చక్రాలకు రావలసిన బరువును వాటికి తిరిగి ఇస్తుంది. గాలి సంచులు బండిని సమంగా నిలబెడతాయి, అంతవరకే. కింద ఉన్న ఇరుసు, బేరింగులు, టైర్లు పాతవే. ఏది తగిలించినా తలుపు సందులోని అంకె పెరగదు.

మావాడు బండి మార్చలేదు, ట్రైలర్ మార్చుకున్నాడు. నిండా సర్దితే 5,500 పౌండ్లుండేది చూశాడు. టంగ్ వెయిట్ 690, హిచ్ 90, మనుషులు 670. ఇంకా 170 పౌండ్లు మిగిలింది. బియ్యం, జనరేటర్ అందులో సర్దుకున్నారు. ట్రైలర్ బ్రేకులను నడిపే కంట్రోలర్ ఆ బండిలో కంపెనీ బిగించినదే ఉంది.

కాగితం మీద లెక్క ఎంత కుదిరినా చివరికి తూకం వేయాల్సిందే. అమెరికాలో లారీలు ఆగే పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే వేబ్రిడ్జి ఉంటుంది. ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద నిలిచేలా బండి ఆపాలి. మీట నొక్కి చెబితే, మూడు బరువులూ వేర్వేరుగా అచ్చేసిన చీటీ చేతికిస్తారు. నేనూ వాళ్ళతో వెళ్ళాను. మావాడు చీటీ చూసుకుని, ఏ ఇరుసూ గీత దాటలేదని మురిసిపోతుంటే, వాళ్ళ నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి ముప్పై ఏళ్ళు చెరకు తోలిన మనిషి.

"ఖాళీ తూకం ఏదిరా?"

"ఖాళీ తూకం ఎందుకు నాన్నా, అన్నీ లోపే ఉన్నాయిగా."

"నిండు తూకం ఒక్కటే వేస్తే చెరకెంతో బండెంతో ఎట్లా తెలుస్తుంది? ఆ వెనకది ఊడదీసి, అందరం ఇట్లాగే కూర్చుని, మళ్ళీ ఎక్కించు."

ఆయన చెప్పిందే సరైన పద్ధతి. బరువు పంచే హిచ్ కమ్మీలు వదులు చేసి ఒకసారి, ట్రైలర్ విప్పేసి బండిని మాత్రమే ఒకసారి తూచి, బండి రెండు ఇరుసుల మొత్తంలో తేడా చూస్తే, అదే అసలు టంగ్ వెయిట్. రెండోసారి తూకానికి రేటు కూడా తక్కువ. మావాడు గొణుక్కుంటూనే ట్రైలర్‌ను పక్కన విప్పి పెట్టి వచ్చాడు.

తేడా 740 పౌండ్లు తేలింది. మా లెక్క కన్నా 50 ఎక్కువ. ట్రైలర్ ముందు అరలో ఏం సర్దారని అడిగితే, మా మరదలు కాసేపు ఎటో చూసి, "రెండు పచ్చడి జాడీలు, గ్రైండర్... అంతే బావగారూ" అంది.